ఎమర్జెన్సీ లైట్లకు టెస్ట్ కీ స్విచ్ పెట్టాలా, బటన్ చాలా?

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల... ఈ ఊళ్లలో ఇప్పుడు మూడు నాలుగు అంతస్తుల ప్రైవేటు హాస్పిటళ్లు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు ఎటు చూసినా కనిపిస్తున్నాయి. చాలావాటిలో మెట్ల దగ్గర ఎగ్జిట్ బోర్డు, కారిడార్‌లో బ్యాటరీ లైటు ఉంటాయి. ఈ రాత్రి కరెంటు పోయి పొగ కమ్ముకుంటే అవి వెలుగుతాయా అని అడిగితే మాత్రం గట్టిగా అవునని చెప్పేవాళ్లు దొరకరు. బిగించిన రోజు ఒకసారి చూసి ఉంటారు, ఆ తర్వాత నిచ్చెన వేసి బటన్ నొక్కిన మనిషి ఉండడు.

అందుకే కొత్తగా వైరింగ్ చేయించుకునేవాళ్లు ఏ కంపెనీ లైటు అని ఆలోచించేముందు ఒక విషయం తేల్చుకోవాలి. దీన్ని నెలనెలా ఎవరు టెస్ట్ చేస్తారు, దేనితో చేస్తారు? వాచ్‌మనా, వార్డు బాయా, హాస్టల్ వార్డెనా? ఆ మనిషి రెండు నిమిషాల్లో, కుర్చీ ఎక్కకుండా చేయగలిగే పద్ధతి ఏదో చూసుకుని దానికి తగ్గట్టు వైర్లు లాగించాలి. సీలింగ్ మూసేశాక ఈ ఆలోచన వస్తే ఖర్చు రెట్టింపు.

ముందు ఏ లైటు గురించి మాట్లాడుకుంటున్నామో

దుకాణంలో ఎమర్జెన్సీ లైటు అంటే చేత్తో పట్టుకుని తిరిగే ఛార్జింగ్ లైటు ఇస్తారు, లేదంటే ఇన్వర్టర్ బల్బు ఇస్తారు. ఇంట్లో వంటగదికి, పిల్లలు చదువుకునే గదికి ఇన్వర్టర్ బల్బు మంచి వస్తువే. మెట్లకు, కారిడార్‌కు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. స్విచ్ ఆన్‌లో ఉండి లైన్‌లో కరెంటు లేనప్పుడు, అదే లైన్ మీదున్న మిగతా లోడ్ల గుండా దారి ఉందో లేదో చూసి ఆ బల్బు కరెంటు పోయిందని గుర్తుపడుతుంది. స్విచ్ ఆపితే ఆ దారి తెగి బల్బు ఆరిపోతుంది. మంటలు అంటుకున్నప్పుడు ముందు పడిపోయేవి ఎంసీబీలు, అంటే లోడు ఎక్కువైనా వైరు షార్ట్ అయినా వాటంతటవే దిగి కరెంటు ఆపే స్విచ్‌లు. ఎంసీబీ పడ్డాక అటువైపు ఏ లోడూ లేకపోతే బల్బు తికమకపడుతుంది. అసలు ఆ స్విచ్‌ను రాత్రి ఎవరో ఆపేసి ఉంటే ఇక చెప్పేదేముంది.

ఇక్కడ చెప్పేది గోడకో సీలింగ్‌కో శాశ్వతంగా బిగించే ఫిట్టింగ్ గురించి. దాని లోపలే బ్యాటరీ, ఛార్జర్ ఉంటాయి. దానికి ఇరవై నాలుగు గంటలూ ఒక ఫేజ్ అందుతూ ఉండాలి. ఆ ఫేజ్ ఆగిన మరుక్షణం లైటు బ్యాటరీ మీద వెలుగుతుంది. వీటిలో రెండు రకాలు. కరెంటు ఉన్నంతసేపూ ఆరిపోయి ఉండి, పోయినప్పుడు మాత్రమే వెలిగేది ఒకటి, దాన్ని నాన్-మెయింటెయిన్డ్ అంటారు. ఎప్పుడూ వెలుగుతూ, కరెంటు పోయినా ఆరకుండా కొనసాగేది రెండోది, మెయింటెయిన్డ్. ఫంక్షన్ హాలు, సినిమా హాలు లాంటి చోట్ల, ఎగ్జిట్ బోర్డులకు రెండోదే సరైనది. ఆఫీసు కారిడార్‌కు, గోదాముకు మొదటిది చాలు.

నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఎంత చిన్న బిల్డింగ్ అయినా ఈ లైట్లు కనీసం గంటన్నర వెలగాలి. కొనేటప్పుడు అట్టపెట్టె మీద 90 నిమిషాలో, 3 గంటలో అని రాసి ఉందో లేదో చూడండి. 'బ్యాకప్ బాగుంటుంది' అన్న మాట లెక్కలోకి రాదు.

టెస్ట్ చేయడానికి నాలుగు దారులు

మొదటిది, ఫిట్టింగ్ మీదే ఉండే బటన్. నొక్కి పట్టుకుంటే లైటు బ్యాటరీ మీదికి వస్తుంది, వదిలితే మామూలే. పెట్టుబడి లేదు, అదనపు వైరు లేదు. నాలుగైదు ఫిట్టింగులున్న చిన్న క్లినిక్‌కు, మెడికల్ షాపుకు, పై అంతస్తులో నడిచే కోచింగ్ సెంటర్‌కు ఇది సరిపోతుంది. ఇబ్బంది రెండు వైపుల నుంచి వస్తుంది. ఫిట్టింగ్ ఎనిమిది అడుగుల పైన ఉంటే ప్రతిదానికీ నిచ్చెన కావాలి. ఇక రెండోది, బటన్‌ను గంటన్నర పాటు ఎవరూ పట్టుకోలేరు. అంటే బటన్‌తో తెలిసేది లైటు వెలుగుతుందని మాత్రమే. ఎంతసేపు వెలుగుతుందో తెలియదు. నాలుగేళ్లు నిండిన నికెల్ క్యాడ్మియం బ్యాటరీ కూడా పది సెకన్లు ధగధగా వెలిగి చూపిస్తుంది.

రెండోది, డీబీలో, అంటే ఎంసీబీలన్నీ ఉండే కరెంటు పెట్టెలో, ఎంసీబీ దించడం. పైసా ఖర్చు లేదు, ఎంతసేపైనా ఉంచొచ్చు. నిజంగా సర్క్యూట్ పోయినట్టే ఉంటుంది కాబట్టి పరీక్షగా ఇది నూటికి నూరుపాళ్లు నిజాయితీ ఉన్నది. అయితే ఎంసీబీ దించితే మామూలు లైట్లూ పోతాయి. పేషెంట్లు తిరిగే కారిడార్‌లో, పిల్లలు దిగే మెట్ల మీద గంటన్నర పాటు మామూలు లైట్లు ఆపేసి కూర్చోలేం. దాంతో 'ఈ నెల వద్దులే, వచ్చే నెల చూద్దాం' అవుతుంది. పైగా వాచ్‌మన్‌ను డీబీ తెరిచి ఎంసీబీలు దించమనడం నాకు నచ్చదు. పక్క ఎంసీబీ దించితే ఐసీయూ ఫ్రిజ్ ఆగిపోవచ్చు.

మూడోది టెస్ట్ కీ స్విచ్. ఎమర్జెన్సీ ఫిట్టింగులకు వెళ్లే శాశ్వత ఫేజ్ వైరు మధ్యలో, తాళంచెవితో తిప్పే స్విచ్ ఒకటి పెడతారు. తిప్పితే ఆ ఫిట్టింగులకు మాత్రమే ఫేజ్ ఆగుతుంది, అవి కరెంటు పోయిందనుకుని వెలుగుతాయి. మామూలు లైట్లు, ఫ్యాన్లు యథావిధిగా నడుస్తాయి. కీ వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. తిప్పి, అంతస్తంతా ఒక చుట్టు నడిచి, ఏది వెలగలేదో రాసుకుని, మళ్లీ తిప్పేయడమే. గంటన్నర పరీక్షకూ ఇదే కీ పనికొస్తుంది.

నాలుగోది తనను తాను పరీక్షించుకునే ఫిట్టింగులు. లోపల టైమర్ ఉండి నెలకోసారి కాసేపు, ఏడాదికోసారి పూర్తి సమయం తానే బ్యాటరీ మీద నడిచి చూసుకుంటుంది. తేడా ఉంటే ఇండికేటర్ రంగు మారుతుంది. ఖరీదు ఎక్కువ. కట్టడం పూర్తయిపోయి, పైపుల్లో ఇంకో వైరు దూరే సందు లేని బిల్డింగులకు ఇదే దిక్కు. అయితే ఆ ఇండికేటర్ వంక చూసే మనిషి అప్పుడూ కావాలి. ఎర్రగా మెరుస్తున్నా పట్టించుకోని చోట ఎంత తెలివైన లైటు పెట్టినా ఒకటే.

ఈ నాలుగింటిలో పదికి మించి ఫిట్టింగులున్న ఏ కొత్త బిల్డింగ్‌కైనా నా ఓటు కీ స్విచ్‌కే. వైరింగ్ దశలో పెట్టిస్తే అంతస్తుకు ఒక స్విచ్, కొద్ది మీటర్ల వైరు, అంతే తేడా.

మామూలు స్విచ్ పెడితే కాదా అని చాలామంది అడుగుతారు. పని చేస్తుంది, కానీ వద్దు. ఊడ్చే ఆమె లైటు స్విచ్ అనుకుని ఆపుతుంది. లైట్లు వెలుగుతాయి, ఆమె పనికి హాయిగానే ఉంటుంది, రెండు మూడు గంటలకు బ్యాటరీలు ఖాళీ. ఆ రాత్రి నిజంగా కరెంటు పోతే మెట్లు చీకటి. కీ ఉన్నది ఆ చేతుల్ని దూరంగా ఉంచడానికే.

దుకాణంలో కీ స్విచ్ అని మాత్రమే అడిగితే లాడ్జి గదుల్లో కార్డు పెట్టే కీ ట్యాగ్ స్విచ్ చేతిలో పెట్టే అవకాశం ఉంది. అది వేరే పనికి. ప్యానెల్ బోర్డులు తయారుచేసేవాళ్లు వాడే, 22 ఎంఎం రంధ్రంలో కూర్చునే కీ సెలెక్టర్ స్విచ్ అడగండి. దాన్ని చిన్న ఎన్‌క్లోజర్ డబ్బాలో బిగించి డీబీ పక్కనే గోడకు పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు రెండు సంగతులు చేత్తో తిప్పి చూడాలి. మామూలు స్థానంలో ఉన్నప్పుడే కీ బయటికి రావాలి, టెస్ట్ స్థానంలో రాకూడదు. అలాంటిది తీసుకుంటే టెస్ట్‌లో మరిచిపోయి కీ జేబులో వేసుకుని వెళ్లడం కుదరదు. రెండోది, వదలగానే స్ప్రింగ్‌తో వెనక్కి వచ్చే రకం తీసుకోవద్దు, దానితో గంటన్నర పరీక్ష చేయలేం. ఇక మామూలు స్థానంలో కాంటాక్ట్ మూసుకుని, అంటే కరెంటు పారేలా కలిసి ఉందో లేదో మల్టీమీటర్ బీప్ మీద పెట్టి చూసుకోవాలి. సెలెక్టర్ వెనక బిగించే కాంటాక్ట్ బ్లాకుల్లో ఎన్ఓ (మామూలుగా తెరుచుకుని ఉండేది), ఎన్‌సీ (మామూలుగా మూసుకుని ఉండేది) రెండూ దొరుకుతాయి, తారుమారైతే లైట్లు ఎప్పుడూ బ్యాటరీ మీదే ఉంటాయి.

వైరు ఎక్కడి నుంచి తీయాలి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఎమర్జెన్సీ లైట్లకు విడిగా ఒక ఎంసీబీ ఇస్తే పద్ధతిగా ఉంటుందని అనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. ఉదాహరణకు కారిడార్ మామూలు లైట్లు 3వ నంబర్ ఎంసీబీ మీద, ఎమర్జెన్సీ ఫిట్టింగులు 7వ నంబర్ మీద ఉన్నాయనుకోండి. 3వ నంబర్ ట్రిప్ అయితే కారిడార్ చీకటవుతుంది. 7వ నంబర్ బాగానే ఉంది కాబట్టి ఎమర్జెన్సీ లైటు కరెంటు ఉందనుకుని ఊరుకుంటుంది. అందుకే ఏ చోటికి ఏ సర్క్యూట్ వెలుగునిస్తుందో, అదే సర్క్యూట్ నుంచి, స్విచ్‌కు ముందే ఫేజ్ తీసుకోవాలి. ఎంసీబీ నుంచి వచ్చిన ఫేజ్ స్విచ్ బోర్డు దగ్గర రెండుగా చీలుతుంది. ఒకటి మామూలు స్విచ్ గుండా మామూలు లైట్లకు, రెండోది టెస్ట్ కీ గుండా ఎమర్జెన్సీ ఫిట్టింగులకు. న్యూట్రల్ కూడా అదే సర్క్యూట్‌ది కావాలి. దగ్గరగా ఉంది కదా అని పక్క సర్క్యూట్ న్యూట్రల్ కలిపితే, కరెంటు లీకైతే లైన్ ఆపేసే ఆర్‌సీసీబీ ఉన్న చోట అది ఊరికే పడిపోతుంటుంది.

మెయింటెయిన్డ్ ఫిట్టింగ్ మూత తీసి చూస్తే సాధారణంగా నాలుగు టెర్మినళ్లు కనిపిస్తాయి. శాశ్వత ఫేజ్, స్విచ్ నుంచి వచ్చే ఫేజ్, న్యూట్రల్, ఎర్త్. అక్షరాలు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి మూత లోపలి బొమ్మ చూశాకే కలపాలి. కొన్నింట్లో రెండు ఫేజ్ టెర్మినళ్ల మధ్య చిన్న లింకు ముందే పెట్టి వస్తుంది. ఆ లింకు తీయకుండా రెండు వైర్లూ కలిపితే కీ తిప్పినా మామూలు స్విచ్ వైపు నుంచి ఫేజ్ వెనక్కి వచ్చి లైటు బ్యాటరీ మీదికి రాదు. టెస్ట్ కీ పని చేయట్లేదని పిలిచిన చోట ముందు ఆ లింకు చూడండి.

త్రీ ఫేజ్ ఉన్న బిల్డింగుల్లో ఇంకో ప్రమాదం. శాశ్వత ఫేజ్ ఎరుపులోంచి, స్విచ్ ఫేజ్ పసుపులోంచి వస్తే ఒకే ఫిట్టింగ్‌లో రెండు టెర్మినళ్ల మధ్య 415 వోల్టులు ఉంటాయి. ఫిట్టింగ్ కాలిపోవడం ఒకెత్తు, దాన్ని విప్పే మనిషి ప్రాణం ఒకెత్తు. రెండూ ఒకే ఫేజ్, ఒకే ఎంసీబీ. ఇందులో మినహాయింపు లేదు. అలాగే కీ తిప్పితే ఫిట్టింగ్ చనిపోయిందని అనుకోవద్దు, స్విచ్ ఫేజ్ ఇంకా ఉండొచ్చు. రిపేరుకు చేయి పెట్టాలంటే ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకుని మొదలుపెట్టాలి. ఈ పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

పని పూర్తయిన రోజు రెండు పరీక్షలు విడివిడిగా చూపించమని అడగండి. కీ తిప్పినప్పుడు ఎమర్జెన్సీ లైట్లు వెలగాలి, మామూలు లైట్లు కదలకూడదు. ఇది బ్యాటరీ, లైటు బాగున్నాయని చెబుతుంది. కీని వెనక్కి పెట్టి, ఒక్కో లైటింగ్ ఎంసీబీ దించినప్పుడు ఆ చోటి ఎమర్జెన్సీ లైటు వెలగాలి. ఇది వైరు సరైన సర్క్యూట్ నుంచి తీశారని చెబుతుంది. మొదటిది పాసై రెండోది ఫెయిలయ్యే బిల్డింగులు ఉంటాయి. ఒట్టి కీ చూసి బిల్లు చెల్లిస్తే ఆ లోపం బయటపడదు.

మన దగ్గర ప్రత్యేకంగా వచ్చే చిక్కులు

ఇన్వర్టర్, జనరేటర్ లేని హాస్పిటల్ ఇక్కడ ఉండదు. కారిడార్ లైట్లు నేరుగా కరెంటు మీద, ఎమర్జెన్సీ ఫిట్టింగుల ఫేజ్ ఇన్వర్టర్ లైన్ మీద ఉంటే కరెంటు పోయినప్పుడు కారిడార్ చీకటవుతుంది, ఫిట్టింగ్‌కు మాత్రం ఇన్వర్టర్ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి వెలగదు. కారిడార్ లైట్లు ఏ లైన్ మీద ఉంటే ఇవీ ఆ లైన్ మీదే ఉండాలి. అప్పుడు ఇన్వర్టర్ చేతులెత్తేసినా, జనరేటర్ అందుకునేలోపు ఆ కొన్ని సెకన్లలోనూ మెట్ల మీద వెలుగు ఉంటుంది.

మొత్తం బిల్డింగ్‌కు ఒకే పెద్ద ఇన్వర్టర్ పెట్టి, దాని మీదే కారిడార్ లైట్లు నడిపి, విడి ఫిట్టింగులు వద్దనుకునేవాళ్లూ ఉన్నారు. బ్యాటరీలన్నీ ఒకేచోట ఉండటం, చూసుకోవడం సులువు కావడం నిజమే. కానీ డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిచిపోయిన ఒక్క బ్యాటరీ అన్ని అంతస్తుల్నీ చీకటి చేస్తుంది. ఇంకా ముఖ్యమైనది, మంటల్లో ఆ వైరు కాలితే అటువైపు లైట్లన్నీ పోతాయి. అందుకే అలాంటి పద్ధతికి మంటలకు తట్టుకుని కరెంటు మోసే ప్రత్యేక కేబుల్ కావాలి, మంట పాకకుండా చూసే మామూలు ఎఫ్ఆర్ వైరు చాలదు. ఫిట్టింగ్‌లోనే బ్యాటరీ ఉంటే వైరు కాలిన క్షణమే అది వెలుగుతుంది. మన ఊళ్ల సైజు బిల్డింగులకు విడి ఫిట్టింగులే మేలని నా అభిప్రాయం.

దుకాణాల సంగతి వేరు. "అన్నా, రాత్రి షట్టర్ ఏసేటప్పుడు మెయిన్ బంద్ చేసి పోవుడే మాకు అలవాటు" అంటారు బట్టల షాపులవాళ్లు. మంచి అలవాటే, కానీ మెయిన్ ఆపగానే ఎమర్జెన్సీ లైట్లన్నీ వెలిగి తెల్లారేసరికి ఖాళీ అయిపోతాయి. ఖాళీ అయిన బ్యాటరీ నిండటానికి ఒక పూర్తి రోజు పట్టొచ్చు. మళ్లీ రాత్రి మెయిన్ బంద్. అంటే ఆ బ్యాటరీ ఎప్పుడూ నిండదు, ఏడాది తిరక్కుండానే చచ్చిపోతుంది. అలాంటి చోట మెయిన్‌కు బదులు ఏసీలు, పవర్ సాకెట్ల ఎంసీబీలు ఆపుకునేలా డీబీ సర్దించి, లైటింగ్ ఎంసీబీని ఆన్‌లోనే ఉంచి మామూలు లైట్లను స్విచ్‌ల దగ్గర ఆపుకోవాలి. దీనికి యజమాని ఒప్పుకోకపోతే ఎమర్జెన్సీ ఫిట్టింగుల మీద డబ్బు పెట్టొద్దని నేనైతే ముందే చెప్పేస్తాను.

ఎండ గురించి కూడా ఆలోచించాలి. మే నెలలో నల్గొండలో 45 డిగ్రీలు తాకుతుంది. రేకుల కింద, ఫాల్స్ సీలింగ్ పైన ఇంకా ఎక్కువ. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీలు దాటాక ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు సగానికి పడుతుందని లెక్క. సీలింగ్‌లో పెట్టే ఫిట్టింగులకు నికెల్ క్యాడ్మియం గానీ, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గానీ తీసుకోండి. లిథియం అయితే ఎంత వేడి వరకు ఛార్జ్ కావచ్చో డబ్బా మీద చూసుకోండి. ఏడాదికోసారి చేసే గంటన్నర పరీక్షను జూన్, జూలైలో పెట్టుకుంటే ఎండాకాలం ఏ బ్యాటరీని దెబ్బతీసిందో అప్పుడే తెలుస్తుంది.

ఎవరికి ఏది

మిర్యాలగూడ రైస్ మిల్లు లాంటి చోట ఆలోచించే పనే లేదు. ఇరవై అడుగుల ఎత్తు, ఊక దుమ్ము. బటన్ దగ్గరికి ఎవరూ పోలేరు. దుమ్ము చొరబడని ఐపీ65 ఫిట్టింగులు, కింద టెస్ట్ కీ.

హాస్పిటల్‌కు అంతస్తుకొక కీ చాలదు, రెండు పెట్టించండి. కారిడార్‌లో ఒకటి విడిచి ఒకటి చొప్పున ఫిట్టింగులను రెండు కీల మధ్య పంచితే ఒక సగాన్ని గంటన్నర ఖాళీ చేసి, అది మళ్లీ నిండాకే రెండో సగాన్ని పరీక్షించొచ్చు. ఎప్పుడూ సగం లైట్లు సిద్ధంగా ఉంటాయి. మనుషులు రాత్రంతా ఉండే చోట ఇది తప్పనిసరి. హాస్టళ్లకూ ఇదే నా సలహా, అయితే వాటికి పిల్లలు ఊరెళ్లే సెలవులు ఉన్నాయి కాబట్టి అప్పుడు ఒకేసారి చేసుకున్నా ఇబ్బంది లేదు.

ఫంక్షన్ హాలుకు మెయింటెయిన్డ్ ఎగ్జిట్ బోర్డులు, హాలుకొక కీ. పెళ్లికి కనీసం రెండు రోజుల ముందే పూర్తి పరీక్ష ముగించాలి. ముందురోజు సాయంత్రం చేస్తే ముహూర్తానికి బ్యాటరీలు నిండవు. అపార్ట్‌మెంట్‌కు మెట్ల లైట్లు కామన్ మీటర్ మీద విడిగానే ఉంటాయి కాబట్టి పగటిపూట ఎంసీబీ దించి చూసినా సరిపోతుంది. కీ పెట్టిస్తే ఇంకా సుఖం. పాత బిల్డింగ్‌లో పైపులు నిండిపోయి ఉంటే సెల్ఫ్ టెస్ట్ ఫిట్టింగులు తీసుకుని, ఇండికేటర్లు చూసే పని ఒకరికి అప్పగించండి.

కీ పెట్టాక దాని డబ్బా మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించండి: 'ఎమర్జెన్సీ లైట్ల టెస్ట్. ఈ అంతస్తు మాత్రమే.' స్విచ్‌తో వచ్చే రెండో తాళంచెవి మేనేజర్ దగ్గర ఉండాలి. నెలకోసారి తిప్పినప్పుడు ఒక నోట్‌బుక్‌లో తేదీ, చూసిన మనిషి పేరు, వెలగని ఫిట్టింగ్ నంబరు రాయించండి. ఇందుకోసం ప్రతి ఫిట్టింగ్ మీద బిగించిన రోజే నంబరు, బ్యాటరీ వేసిన నెల మార్కర్‌తో రాసి ఉంచాలి. కీ వెనక్కి తిప్పాక వెంటనే వెళ్లిపోకుండా ఒక్కో ఫిట్టింగ్‌లో ఛార్జింగ్ ఇండికేటర్ తిరిగి వెలిగిందో లేదో చూసుకోవాలి. వెలగకపోతే కీ కాంటాక్టో, టెర్మినల్ స్క్రూనో వదులైనట్టు, ఎలక్ట్రీషియన్‌ను అదే రోజు పిలవాలి.